ఒకే జలపొర, ఏడు శాఖలు: సుస్థిర అభివృద్ధికి సమీకృత ప్రణాళిక

ఒక రైతు బోరు ఎండిపోతే దానికి ఏ శాఖ బాధ్యత వహిస్తుంది? కరెంటు ఇచ్చేది విద్యుత్ సంస్థ. చెరువు బాగు చేసేది నీటిపారుదల శాఖ. వాటర్‌షెడ్ పనులు, నీటి కుంటలు గ్రామీణాభివృద్ధి శాఖ పరిధిలోనివి. ఏ పంట వేయాలో చెప్పేది వ్యవసాయ శాఖ, బిందు సేద్యానికి రాయితీ ఇచ్చేది ఉద్యాన శాఖ, ధాన్యం కొనేది పౌర సరఫరాల శాఖ, తాగునీటి బోరు వేసేది గ్రామీణ నీటి సరఫరా శాఖ. ఈ ఏడు శాఖలూ ఒకే జలపొర మీద పనిచేస్తున్నాయి. నేల కింద నీరు ఎంత ఉన్నదో కొలిచే భూగర్భ జల శాఖ వీటన్నిటికీ వెలుపల ఎనిమిదవదిగా నిలిచి ఉన్నది. ఏ శాఖకు ఆ శాఖ తన లక్ష్యాన్ని పూర్తి చేసినట్లు నివేదిక పంపిన సంవత్సరంలోనే ఆ ఊరి బోర్లు ఎండిపోవచ్చు. సమీకృత విధానం, సమీకృత ప్రణాళిక అనే మాటలకు అర్థం ఇక్కడ వెతకవలసి ఉన్నది.

భావన – దాని నేపథ్యం

ముందు తరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకొనడమే సుస్థిర అభివృద్ధి అని 1987లో బ్రంట్‌లాండ్ సంఘం నిర్వచించింది. 1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు ఆమోదించిన ‘ఎజెండా 21’ ఈ నిర్వచనాన్ని పరిపాలన వైపు మళ్ళించింది. అందులోని 40 అధ్యాయాలలో ఎనిమిదవది నిర్ణయ ప్రక్రియలో పర్యావరణాన్ని, అభివృద్ధిని కలిపి చూడాలని చెబుతుంది. పదవది భూవనరుల ప్రణాళికకు సమీకృత పద్ధతిని, పదునాలుగవది సుస్థిర వ్యవసాయాన్ని, గ్రామీణాభివృద్ధిని చర్చిస్తాయి. 2015లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలో నీటి వనరుల సమీకృత నిర్వహణ, విధానాల మధ్య పొందిక రెండూ ఉపలక్ష్యాలుగా చోటు చేసుకున్నాయి.

మన రాజ్యాంగంలోనూ ఇందుకు పునాది ఉన్నది. 73వ సవరణ ద్వారా చేరిన పదకొండవ షెడ్యూలు పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పేర్కొన్నది. వ్యవసాయ విస్తరణతో కూడిన వ్యవసాయం వాటిలో మొదటిది. భూసార పరిరక్షణ, చిన్న నీటిపారుదల, వాటర్‌షెడ్ అభివృద్ధి ఆ వెంటనే వస్తాయి. 74వ సవరణ ఏర్పరచిన జిల్లా ప్రణాళికా సంఘం నీటి పంపకాన్ని, ప్రకృతి వనరులను, పర్యావరణ పరిరక్షణను దృష్టిలో ఉంచుకొని జిల్లా ప్రణాళికను రూపొందించాలి. అంటే సమీకృత ప్రణాళికకు చట్టబద్ధమైన వేదిక మనకు మూడు దశాబ్దాలుగా ఉన్నది. అయితే ఆ వేదిక మీదకు శాఖల పద్దులే వస్తున్నాయి గాని, వనరు లెక్క రావడం లేదు.

ఒక గ్రామం నీటి లెక్క

ఈ లోపం ఎంత పెద్దదో తెలియడానికి ఒక నమూనా గ్రామాన్ని తీసుకొందాము. రాయలసీమ, దక్షిణ తెలంగాణలలోని గ్రానైట్, నైస్ శిలా ప్రాంతాల పరిస్థితిని అనుసరించి ఈ అంకెలను ఎంచుకోవడమైనది. ఇవి ఒక ఊరిలో తీసిన కొలతలు కావు, పద్ధతిని వివరించే ఉదాహరణ మాత్రమే.

గ్రామ విస్తీర్ణం 1,000 హెక్టార్లు, వార్షిక వర్షపాతం 600 మిల్లీమీటర్లు అనుకొందాము. ఇటువంటి నేలల్లో వర్షపు నీటిలో దాదాపు పదోవంతు మాత్రమే జలపొరకు చేరుతుంది. ఆ లెక్కన ఏడాదికి ఇంకే నీరు 6 లక్షల ఘనపు మీటర్లు. మూడు వేల జనాభాకు తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున సుమారు 60 వేల ఘనపు మీటర్లు కావాలి. పదిహేను వందల పశువులకు ఒక్కొక్క దానికి 50 లీటర్ల చొప్పున మరో 27 వేలు. వాగులోకి సహజంగా ఊరిపోయే నీటికి పదోవంతు, అనగా 60 వేలు విడిచిపెట్టాలి. ఇవన్నీ పోగా సేద్యానికి మిగిలేది 4.53 లక్షల ఘనపు మీటర్లు.

రబీ వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టవలసి వస్తే హెక్టారుకు 12,000 ఘనపు మీటర్లు అవుతుంది. అందులో 30 శాతం తిరిగి భూమిలోకి ఇంకుతుందని భావించినా నికర వినియోగం 8,400 ఘనపు మీటర్లు. వేరుశనగ వంటి ఆరుతడి పంటకు 500 మిల్లీమీటర్లు పెట్టి, పదోవంతు తిరిగి ఇంకుతుందనుకొంటే నికర వినియోగం 4,500 ఘనపు మీటర్లు. కాబట్టి ఉన్న నీటితో వరి అయితే 54 హెక్టార్లు, ఆరుతడి పంట అయితే 100 హెక్టార్లు పండుతుంది.

ఇప్పుడు ఆ ఊరిలో 200 బోర్లు ఉన్నాయనీ, ఒక్కొక్క దాని కింద ఎకరం వరి వేశారనీ అనుకొందాము. రెండు వందల ఎకరాలంటే సుమారు 80 హెక్టార్లు. నికర వినియోగం 6.72 లక్షలు, లోటు 2.19 లక్షల ఘనపు మీటర్లు. గట్టి రాతి ప్రాంతంలో జలపొర ఘనపరిమాణంలో తోడుకోగల నీరు సుమారు 2 శాతం మాత్రమే. ఈ లోటును ఊరి విస్తీర్ణానికి సర్దితే నీటిమట్టం ఏటా దాదాపు 1.1 మీటర్లు పడిపోతుంది. పది సంవత్సరాలలో పదకొండు మీటర్లు. శిథిల శిలాపొర ఎండిపోయి రైతు పగుళ్ళ నీటిని వెతుక్కుంటూ మరింత లోతుకు వెళతాడు. మొదట ఎండేది లోతు తక్కువగా ఉన్న చిన్న రైతు బోరు. రెండవ బోరుకు, మూడవ బోరుకు చేసిన అప్పు పంట ఖర్చుల పట్టికలో ఎక్కడా కనిపించదు.

అదే ఊరిలో 40 ఎకరాలు వరి, 160 ఎకరాలు ఆరుతడి పంటలు వేస్తే వినియోగం 4.22 లక్షల ఘనపు మీటర్లకు దిగుతుంది. లోటు ఉండదు, ఒక్క బోరును కూడా మూయనవసరం లేదు. అయితే వర్షపాతం 450 మిల్లీమీటర్లకు తగ్గిన ఏడాది సేద్యానికి మిగిలేది 3.18 లక్షలే. అది 175 ఎకరాల ఆరుతడి పంటకు మాత్రమే చాలుతుంది. కనుక నీటి లెక్కను ఒకసారి వేసి దస్త్రంలో దాచుకొనడం కుదరదు. ఏటా వానాకాలం ముగిసిన తరువాత, రబీ విత్తనానికి ముందు దానిని కొత్తగా వేయవలసి ఉంటుంది.

శాఖల వారీ పరిష్కారాల పరిమితి

ఈ లోటును ఒక్కొక్క శాఖ తనకు తెలిసిన మార్గంలో పూడ్చడానికి ప్రయత్నిస్తుంది. మొదటిది చెక్‌డ్యామ్‌లు. ఒక్కొక్కటి 5,000 ఘనపు మీటర్లు పట్టే చెక్‌డ్యామ్‌లు పది కట్టి, అవి ఏడాదికి మూడుసార్లు నిండితే 1.5 లక్షల ఘనపు మీటర్లు ఆగుతుంది. ఆవిరి పోగా లక్ష ఇంకినా లోటు ఇంకా 1.19 లక్షలు మిగిలే ఉంటుంది. పైగా ఆ లక్షన్నర ఘనపు మీటర్లు ఇంతకుముందు దిగువ ఊరి చెరువులోకి పోయేవి. ఎగువ వాటర్‌షెడ్ నివేదికలో ‘సంరక్షించిన నీరు’గా కనిపించేది, దిగువ చెరువు ఆయకట్టుదారులకు ‘రాని నీరు’. ఎగువ పనికి ఒక శాఖ, దిగువ చెరువుకు మరొక శాఖ ఉన్నప్పుడు ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీదకు రావు.

రెండవది సూక్ష్మ సేద్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ప్రారంభమైన సూక్ష్మ సేద్య పథకం ఎంతో మేలు చేసింది. మొక్కకు పెట్టే నీరు తగ్గింది, దిగుబడి, నాణ్యత పెరిగాయి. అయితే బిందు సేద్యంలో భూమిలోకి తిరిగి ఇంకే నీరు కూడా తగ్గుతుంది. ఆదా అయిన నీటితో రైతు మరో ఎకరం సాగులోకి తెస్తే జలపొరకు మిగిలేది ఏమీ ఉండదు. రైతు ఆదాయానికి ఇది మంచిదే. భూగర్భ జలాల పరిరక్షణగా మాత్రం దీనిని లెక్కించకూడదు.

మూడవది విద్యుత్తు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. కెపాసిటర్లు, ప్రమాణిత మోటార్లు, ఘర్షణ తక్కువగల ఫుట్‌వాల్వులు, పైపులు అమర్చుకోవాలన్న నియమాలు దానికి తోడుగా వచ్చాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా మొదలైనది. మెట్ట రైతుకు ఇది పెద్ద ఊరట అనడంలో సందేహం లేదు. అయితే దీని ఖర్చును నీటి లోతుతో కలిపి చూడాలి. 60 మీటర్ల లోతు నుండి 35 శాతం సామర్థ్యంగల పంపుతో ఎకరం వరికి 4,800 ఘనపు మీటర్ల నీరు తోడడానికి సుమారు 2,240 యూనిట్లు కావాలి. అదే లోతు నుండి ఎకరం ఆరుతడి పంటకు 930 యూనిట్లు చాలు. మన నమూనా గ్రామంలో 200 ఎకరాల వరి నుండి మిశ్రమ పంటల సరళికి మారితే ఒక్క రబీలోనే దాదాపు 2 లక్షల యూనిట్లు ఆదా అవుతాయి. ఆ ఆదా విద్యుత్ సంస్థ ఖాతాలో పడుతుంది. పంట మార్చి మార్కెట్ ధర రిస్కును నెత్తిన వేసుకొన్న రైతుకు అందులో ఏమీ చేరదు.

నాలుగవది, అన్నింటికంటే బలమైనది, ధాన్యం కొనుగోలు. మద్దతు ధర అనేక పంటలకు ప్రకటిస్తారు. ఊరి కళ్ళం దగ్గరకు వచ్చి కొనేది మాత్రం ముఖ్యంగా వరి ధాన్యాన్నే. పప్పులు, నూనెగింజల కొనుగోలు పరిమితులకు లోబడి ఉంటుంది. అటువంటప్పుడు వరి మానమని విస్తరణ అధికారి ఇచ్చే సలహా శాస్త్రీయంగా ఎంత సరైనదైనా, రైతు దృష్టిలో అది తన ఇంటి లెక్క తెలియని సలహా. నిజానికి రైతు తప్పు లెక్క వేయడం లేదు. విధానాలన్నీ కలిసి ఇస్తున్న సంకేతాన్ని సరిగానే చదువుతున్నాడు.

ఏకలక్ష్య విధానాలు నేర్పిన పాఠాలు

పంజాబ్ అనుభవం ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. భూగర్భ జలాల క్షీణతను అరికట్టడానికి ఆ రాష్ట్రం 2009లో భూగర్భ జల పరిరక్షణ చట్టాన్ని తెచ్చి, జూన్ 10కి ముందు వరి నాట్లు వేయరాదని నిషేధించింది. మండు వేసవిలో ఆవిరయ్యే నీటిని తగ్గించడం దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని నాట్లు వెనుకకు జరిగితే కోతలూ వెనుకకు జరుగుతాయి. వరి కోతకు, గోధుమ విత్తడానికి మధ్య వ్యవధి తగ్గింది. కంబైన్ హార్వెస్టర్ విడిచిన గడ్డిని తొలగించడానికి రైతుకు నిప్పు తప్ప దారి కనిపించలేదు. గాలి కదలిక తగ్గే అక్టోబరు చివర, నవంబరు నెలలలోకి ఆ మంటలు జరగడంతో ఉత్తర భారత నగరాల వాయు కాలుష్యం తీవ్రతరమైనదని పరిశోధకులు గుర్తించారు. నీటి విధానం నీటిని మాత్రమే చూచింది. పంటల క్రమం, యంత్రాలు, గడ్డి వినియోగం ఆ చట్టం దృష్టికి రాలేదు.

మన దగ్గరి ఉదాహరణ తెలంగాణలోని 2021-22 యాసంగి. మిషన్ కాకతీయ కింద 2015 నుండి జరిగిన చెరువుల పునరుద్ధరణ, ఎత్తిపోతల నీరు, నిరంతర విద్యుత్తు కలిసి యాసంగి వరి విస్తీర్ణాన్ని బాగా పెంచాయి. వేసవి వేడికి యాసంగి ధాన్యంలో నూకల శాతం పెరుగుతుంది గనుక దానిని ఎక్కువగా ఉప్పుడు బియ్యంగా మారుస్తారు. ఉప్పుడు బియ్యం సేకరణకు కేంద్రం విముఖత చూపడంతో ఆ యాసంగికి వరి వేయవద్దని రాష్ట్ర ప్రభుత్వం రైతులను కోరవలసి వచ్చింది. ఉత్పత్తికి ఆధారమైన నీరు, కరెంటు ఒక వైపు, సేకరణ విధానం మరో వైపు నిలిచాయి. నడుమ నారు పోసుకొనే వేళకు ఏం చేయాలో తోచక నిలబడినవాడు రైతు.

రైతులే లెక్క వేసిన అనుభవం

సమీకరణ సాధ్యమేనా అనే ప్రశ్నకు సమాధానం మన ప్రాంతంలోనే ఉన్నది. 2003లో ప్రారంభమైన ‘ఆంధ్రప్రదేశ్ రైతుల నిర్వహణలోని భూగర్భ జల వ్యవస్థల’ ప్రాజెక్టు ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా గ్రామాలలో పనిచేసింది. రైతులు స్వయంగా వర్షపాతాన్ని, పరిశీలక బావులలో నీటిమట్టాన్ని, బోర్ల నీటి విడుదలను కొలిచారు. ఆ అంకెలను ఊరి మధ్యన బోర్డు మీద రాశారు. వానాకాలం ముగిశాక అందరూ కూర్చొని పంటల నీటి బడ్జెట్ వేసుకొన్నారు. ఏ పంట వేయాలన్నది రైతు ఇష్టానికే విడిచిపెట్టారు. నిషేధం లేదు, ప్రత్యేక రాయితీ లేదు. అయినప్పటికీ అనేక వాగు పరివాహకాల్లో రబీ వరి తగ్గి తక్కువ నీటి పంటలు పెరిగాయి. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భ జలాలపై వెలువరించిన నివేదిక ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా చర్చించింది.

దాని పరిమితిని కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ప్రాజెక్టు నిధులు ముగిసిన తరువాత కొలతలు ఎంతవరకు కొనసాగాయన్న విషయంలో తరువాతి క్షేత్ర పరిశీలనలు సందేహాలు వెలిబుచ్చాయి. ఊరి లెక్కను పంచాయతీ గాని, విద్యుత్, కొనుగోలు వ్యవస్థలు గాని తమదిగా స్వీకరించలేదు. జ్ఞానం గ్రామంలో పుట్టింది, విధానంలోకి ఎక్కలేదు.

మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) జిల్లా హివ్రే బజార్‌లో గ్రామసభ ఏటా నీటి లెక్క చూసి పంటలను నిర్ణయిస్తున్నది. సేద్యానికి బోర్లు వేయరాదని, చెరకు, అరటి వంటి పంటలు వద్దని ఊరే కట్టుబాటు చేసుకొన్నది. తక్కువ వర్షపాతంగల ఆ ఊరు నిలదొక్కుకోవడంలో నేల కట్టల కన్నా ఆ కట్టుబాటు పాత్ర తక్కువది కాదు. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999 నుండి ఇక్రిశాట్ నాయకత్వాన వివిధ సంస్థలు కలిసి చేసిన ఆదర్శ వాటర్‌షెడ్ కృషి మరో అంశాన్ని నిరూపించింది. నేల, నీరు, విత్తనం, సస్యరక్షణ, జీవనోపాధి ఒకే బృందం చేతిలో ఉన్నప్పుడు ఒక్కొక్క పనికీ విలువ పెరుగుతుంది.

ఆచరణీయమైన ప్రణాళికా క్రమం

పై అనుభవాల నుండి ఐదు మెట్లుగల క్రమాన్ని ప్రతిపాదించవచ్చు.

మొదటిది, ప్రణాళికా ప్రమాణాన్ని మార్చడం. పద్దు మండలం వారీగా ఉండవచ్చు, లెక్క మాత్రం వాగు పరివాహకం వారీగా ఉండాలి. ఎగువ, దిగువ గ్రామాలు ఒకే లెక్కలో కనిపించాలి.

రెండవది, అక్టోబరులో నీటి బడ్జెట్. భూగర్భ జల శాఖ పీజోమీటర్ల అంకెలను, గ్రామంలో తీసిన కొలతలను కలిపి ప్రతి రబీకి ముందు గ్రామసభ ముందుంచాలి. తాగునీటిని ముందుగా తీసి పక్కన పెట్టాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోర్లను నిషేధించిన ఉద్దేశం కూడా ఇదే.

మూడవది, కొనుగోలును నీటి బడ్జెట్‌తో ముడిపెట్టడం. ఏ పరివాహకంలో వరి తగ్గించమని లెక్క చెబుతుందో, అక్కడే ఆరుతడి పంటల కొనుగోలు కేంద్రాన్ని విత్తనానికి ముందే ప్రకటించాలి. ధర భరోసా లేని పంట మార్పిడి సలహా నిలబడదు.

నాలుగవది, ఆదా అయిన విద్యుత్తులో రైతుకు వాటా. ఉచిత విద్యుత్తును తొలగించాలనడం ఇక్కడ ఉద్దేశం కాదు. నమూనా గ్రామంలో మిగిలిన 2 లక్షల యూనిట్ల విలువలో ఒక భాగాన్ని ఆ గ్రామ ఆరుతడి పంటల ప్రోత్సాహకంగా మళ్ళించవచ్చు. ఇందుకు వ్యవసాయ ఫీడర్ల వారీగా కొలత అవసరం. గుజరాత్ 2003లో ప్రారంభించిన జ్యోతిగ్రామ్ పథకం వ్యవసాయ ఫీడర్లను వేరు చేసి, ఆ కొలత సాధ్యమని చూపింది.

ఐదవది, ప్రతి కొత్త పథకానికి ముందు ఒక చిన్న ప్రశ్నావళి. ఈ పథకం వల్ల జలపొర నుండి తీసే నికర నీరు పెరుగుతుందా, తగ్గుతుందా? దిగువ గ్రామానికి ఏమవుతుంది? పంటల కాలం మారితే తరువాతి పంటకు ఏమవుతుంది? నష్టపోయే రైతు ఎవరు? పంజాబ్ చట్టానికి ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసి ఉంటే, గడ్డి యంత్రాలు చట్టంతో పాటే వచ్చి ఉండేవి.

విస్తరణ శాస్త్రవేత్తల, విద్యార్థుల కర్తవ్యం

ఈ క్రమంలో ఏడు శాఖలకూ ఆమోదయోగ్యమైన స్థానం విస్తరణ శాస్త్రవేత్తది. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఈ ఏడు శాఖలలో దేనికీ చెందినవి కావు. కాబట్టి ఒక్కొక్క కేంద్రం తన పరిధిలో కనీసం ఒక వాగు పరివాహకాన్ని ఎంచుకొని, ఐదేళ్ళ పాటు ఏటా నీటి బడ్జెట్ వేయవచ్చు. తెలంగాణలో ఐదు వేల ఎకరాలకు ఒక విస్తరణ అధికారి, ఒక రైతు వేదిక ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి రైతు కేంద్రాలు ఉన్నాయి. వాటి గోడ మీద ఎరువుల ధరల పట్టిక పక్కన ఊరి నీటిమట్టం పట్టిక కూడా ఉండాలి.

ప్రదర్శన క్షేత్రాల నివేదికలలో ఎకరాకు దిగుబడి, నికర ఆదాయంతో పాటు, ఘనపు మీటరు నీటికి ఆదాయం అనే మూడవ గడిని చేర్చడం అవసరం. స్నాతకోత్తర విద్యార్థులకు ఇందులో విలువైన పరిశోధనాంశాలు ఉన్నాయి. వరి మడి నుండి తిరిగి ఇంకే నీటి శాతం ఎర్ర నేలల్లో, నల్ల నేలల్లో ఎంత? బిందు సేద్యం వచ్చిన తరువాత గ్రామంలో మొత్తం సాగు విస్తీర్ణం పెరిగిందా? ఎగువ చెక్‌డ్యామ్‌ల తరువాత దిగువ చెరువు అలుగు పారిన సంవత్సరాలు ఎన్ని? విఫలమైన బోర్ల ఖర్చును కలిపితే వరి నికర ఆదాయం ఎంత? పైన మన నమూనా లెక్కలో తీసుకొన్న ప్రతి అంకె స్థానిక కొలతతో సరిచూడవలసినదే. ఆ కొలతలు లేనంతవరకు సమీకృత ప్రణాళిక సమావేశాల తీర్మానంగానే మిగిలిపోతుంది.

ముగింపు

సమీకృత ప్రణాళిక కోసం కొత్త శాఖను సృష్టించనవసరం లేదు. ఏడు శాఖలూ ఒకే నీటి లెక్క ముందు, ఒకే రోజున, ఆ నీటి మీద బతికే రైతుల సమక్షంలో కూర్చొంటే చాలు. మన నమూనా గ్రామంలో రెండు వందల బోర్లూ బతికి ఉండడానికి, ఏటా మీటరు చొప్పున అడుగంటడానికి మధ్య ఉన్న తేడా 160 ఎకరాల పంట ఎంపిక మాత్రమే. ఆ ఎంపికను రైతు ఒంటరిగా చేయలేడు. ధర, కరెంటు, నీరు, సలహా నాలుగూ ఒకే దిశలో ఉన్న ఏడాది ఎవరూ చెప్పకుండానే చేస్తాడు.